మేకల అంతర్జాతీయ సంఘంలో చేరితే విద్యార్థికి ఏం ఉపయోగం?

అందరికీ నమస్కారం. మాది అనంతపురం జిల్లా, రాయదుర్గం వైపు. జీవాలే మాకు ఆధారం. మా చెల్లెలు ప్రొద్దుటూరు పశువైద్య కళాశాలలో చదువుతోంది, గొర్రెలకు వచ్చే మూతివాపు రోగం (బ్లూటంగ్) మీద పరిశోధన చేయాలని దాని పట్టుదల.

వానలు పడ్డాక మొదలవుతుందిది. పెదాలు, నాలుక ఉబ్బిపోతాయి, గిట్టల పైన ఎర్రబారి గొర్రె కుంటుతుంది, మేత నోట పెట్టదు. దోమకన్నా చిన్న ఈగలు కుట్టి అంటించే ఈ వైరస్‌లో 24కు పైగా రకాలున్నాయి. మన దగ్గర వచ్చిన టీకా 5 రకాలకే. అందుకే వేరే దేశాలవాళ్లతో కలిసి పనిచేయక తప్పదని నా నమ్మకం.

1982లో ఏర్పడిన ఇంటర్నేషనల్ గోట్ అసోసియేషన్ గురించి చదివాను. 1992లో వాళ్ల మహాసభ ఢిల్లీలోనే జరిగిందట. పేరు మేకలదే అయినా, వాళ్ల పత్రిక 'స్మాల్ రూమినెంట్ రీసెర్చ్'లో గొర్రెల మీదా వ్యాసాలు వస్తాయి.

మీలో ఎవరైనా సభ్యులున్నారా? విద్యార్థులకు చందా తగ్గిస్తారా? పత్రిక చదవనిస్తారా? మహాసభకు వెళ్లడానికి దారిఖర్చులిస్తారా? అన్నిటికన్నా ముఖ్యంగా, ఇదే రోగం మీద పనిచేసే బయటి శాస్త్రవేత్తలతో పరిచయం కలుగుతుందా? ఉత్తరం రాసేటప్పుడు ఏమేం చెప్పాలో కూడా దయచేసి తెలపండి.