విండోస్ 10 గడువు ముగిసిన వార్తపై అందరూ జోకులే వేస్తున్నారు, డీటీపీ దుకాణం వాడు ఏం చేయాలి?

ప్రశ్న: గంటస్తంభం డీటీపీ (విజయనగరం)

అందరికీ నమస్కారం. విజయనగరంలో గంటస్తంభానికి దగ్గరలో 18 ఏళ్లుగా చిన్న డీటీపీ దుకాణం నడుపుతున్నాను. శుభలేఖలు, కరపత్రాలు, పెద్దకర్మ కార్డులు, బడుల ప్రశ్నపత్రాలు నా పని. ఈ ఏడాది మా పైడితల్లి జాతరలో సిరిమాను తిరిగిన మంగళవారానికి సరిగ్గా మరుసటి మంగళవారం, అంటే 2025 అక్టోబరు 14న, విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ మద్దతు ఆగిపోయింది. ఆ రోజు నుంచి ఆ వార్త కింద ఎక్కడ చూసినా జోకులే తప్ప జవాబులు కనిపించడం లేదు. దుకాణం ఎదురుగా ఉన్న టీ కొట్టు దగ్గర కూడా "ఏటి మాస్టారూ, మీ కంపీటరుకి పెద్దకర్మ ఎప్పుడేటి?" అని అడుగుతున్నారు. ఆ కార్డు కొట్టాల్సినవాడినీ నేనే కాబట్టి నవ్వి ఊరుకున్నాను.

కొన్ని జోకులు నాకు నిజంగానే నచ్చాయి. "ఇదే చివరి విండోస్ అని 2015లో అన్నారు, మా మేనమామ కూడా ఇరవై ఏళ్లుగా ఇదే చివరి చుట్ట అంటున్నాడు" అని ఒకరు రాశారు. "తాళం పాతబడింది, ఇల్లు మార్చండి అంటున్నారు" అని విండోస్ 11 అడిగే టీపీఎం అనే భద్రతా చిప్పు గురించి ఇంకొకరు రాశారు. "లినక్స్‌కు మారిపో" (విండోస్‌కు బదులు వాడే ఉచిత వ్యవస్థ) అన్నవారు సరేసరి. వారిలో ఎవరూ ఒక్క శుభలేఖ అయినా కంపోజ్ చేసి ఉండరని నా అనుమానం.

నా దగ్గర రెండు కంప్యూటర్లు ఉన్నాయి. 2016లో కొన్న ఇంటెల్ ఐ3 ఆరో తరం ప్రాసెసరు ఉన్న యంత్రంలో పేజీలు కూర్చే పేజ్‌మేకర్ 7, అను ఫాంట్లు ఉన్నాయి. నా బతుకంతా దానిలోనే ఉంది. 2013 నాటి రెండోదానిలో జనం వాట్సాప్‌లో పంపినవి ప్రింటు తీయడం, ఆన్‌లైన్ దరఖాస్తులు నింపడం జరుగుతాయి. రెండింటిలోనూ విండోస్ 10 ఉంది. ఈ జోకులలో ఎంత నిజం ఉందో, నేను భయపడాలో వద్దో తెలిసినవారు దయచేసి చెప్పగలరు.

జవాబు 1: నాగావళి ఒడ్డు (శ్రీకాకుళం)

మాస్టారూ, నేను శ్రీకాకుళంలో ఒక కళాశాల కంప్యూటర్ ల్యాబు చూసుకుంటాను. మీరు చెప్పిన జోకులనే ఒక్కొక్కటిగా తీసుకుంటాను, ఎందుకంటే వాటిలో నిజమూ అబద్ధమూ పాలూ నీళ్లలా కలిసిపోయి ఉన్నాయి.

ముందు పెద్దకర్మ సంగతి. మీ కంప్యూటరు చనిపోలేదు, చనిపోదు కూడా. పేజ్‌మేకర్ నిన్న తెరుచుకున్నట్టే రేపూ తెరుచుకుంటుంది. ఆగిపోయినది ముఖ్యంగా ప్రతి నెలా రెండో మంగళవారం ఉచితంగా వచ్చే భద్రతా సవరణలు. అయితే అక్కడే ఒక మెలిక ఉంది. విండోస్ 10, విండోస్ 11 లోపల చాలా భాగం ఒకటే కాబట్టి, 11లో ఒక లోపాన్ని సరిచేస్తూ సవరణ విడుదలైన రోజున, దొంగ బుద్ధి గలవాడు ఆ సవరణను విప్పి చూసి, కన్నం ఎక్కడ ఉండేదో తెలుసుకొని, అదే కన్నం 10లో ఇంకా పూడకుండా ఉందేమో వెతుకుతాడు. అంటే పక్కింటికి వేసిన మరమ్మతే మన ఇంటి గుట్టు చెప్పేస్తుందన్నమాట. ఇది మొదటి నెలలో కనిపించే ప్రమాదం కాదు. నెలలు గడిచేకొద్దీ పెరిగేది.

చుట్ట జోకు బాగుంది కానీ కొంచెం అన్యాయం. 2015 మే నెలలో జరిగిన ఒక సదస్సులో ఆ మాట అన్నది మైక్రోసాఫ్ట్ ఉద్యోగి ఒకరు. అది కంపెనీ రాతపూర్వకంగా ఇచ్చిన హామీ కాదు. విండోస్ 10 విడుదలైన 2015 జూలై నుంచే దాని మద్దతు గడువు అక్టోబరు 2025 అని కంపెనీ తన పట్టికలో రాసుకుంది. కాకపోతే ఆ ఉద్యోగి మాట ప్రపంచమంతా తిరుగుతున్నప్పుడు దాన్ని గట్టిగా ఖండించడానికి ఎవరూ తొందరపడలేదు కాబట్టి, జోకు పడటంలో కంపెనీకి కూడా వాటా ఉంది.

తాళం జోకు మీ విషయంలో గురి తప్పింది. మీ ఆరో తరం ఐ3లో టీపీఎం 2.0 మదర్‌బోర్డు ఫర్మ్‌వేర్‌లోనే ఉండి, బయోస్‌లో ఆపి ఉంచబడి ఉండవచ్చు. దాన్ని ఆన్ చేస్తే సరిపోతుంది. మిమ్మల్ని ఆపుతున్నది ఆ చిప్పు కాదు, ప్రాసెసర్ల జాబితా. ఇంటెల్‌లో దాదాపుగా ఎనిమిదో తరం, అంటే 2017 తరువాతవి మాత్రమే ఆ జాబితాలో ఉన్నాయి. అడ్డదారిలో విండోస్ 11 ఎక్కించేవారు ఉన్నారు, అది పనిచేస్తుంది కూడా. కానీ అటువంటి యంత్రాలకు నవీకరణలు వస్తాయన్న హామీ లేదని కంపెనీ ముందే చెప్పింది. కనుక ఒక హామీ లేని చోటు నుంచి ఇంకో హామీ లేని చోటుకు డబ్బిచ్చి మారినట్టు అవుతుంది.

జోకులు వేసినవారు ఎవరూ చెప్పని ముక్క ఒకటుంది. 2026 అక్టోబరు 13 వరకు భద్రతా సవరణలు అందించే పొడిగింపు పథకం ఉంది. మీ విండోస్ 10 వెర్షన్ 22హెచ్2 అయి ఉండాలి, మైక్రోసాఫ్ట్ ఖాతాతో లాగిన్ కావాలి. సెట్టింగులను ఆ ఖాతాకు బ్యాకప్ చేయడానికి ఒప్పుకుంటే డబ్బు కట్టనక్కరలేదు, లేదా 30 డాలర్లు కట్టవచ్చు. ఒకే ఖాతాతో పది యంత్రాల వరకు చేర్చవచ్చు. విండోస్ అప్‌డేట్ పేజీలోనే నమోదు చేసుకొనే లంకె కనిపిస్తుంది. మాలాగా సంస్థ సర్వరు అదుపులో ఉండేలా డొమైన్‌కు కలిపిన కార్యాలయ యంత్రాలకు ఈ సౌకర్యం వర్తించదు. సంస్థలకు మొదటి సంవత్సరం ఒక్కో యంత్రానికి 61 డాలర్లు, ఆపైన ఏటా రెట్టింపు. మా ల్యాబులో ఆ లెక్క వేసిన రోజు మధ్యాహ్నం ఎవరికీ జోకులు రాలేదు.

జవాబు 2: మిల్లు గుమస్తా (రాజాం)

అయ్యా, ఇంత భయం దేనికో నాకు అర్థం కాదు. మా రాజాం 2022 ఏప్రిల్‌లో శ్రీకాకుళం జిల్లా నుంచి విజయనగరం జిల్లాకు మారింది. మమ్మల్ని రీస్టార్ట్ చేయలేదు, కొత్త ప్రాసెసరు అడగలేదు, పొద్దున్న లేచేసరికి అప్‌డేట్ అయిపోయి ఉన్నాం. మా మిల్లు కంప్యూటరు మాత్రం అప్పుడూ విండోస్ 7, ఇప్పుడూ విండోస్ 7. దానిలో ధాన్యం లెక్కలు, ట్యాలీ తప్ప మరేమీ లేవు. ఇప్పుడు ఇంటర్నెట్టు తీగ కూడా లేదు. తీగ లేని ఇంటికి ఏ దొంగ వస్తాడు? 2023 నుంచి కొత్త క్రోమ్ దీనిలో ఎక్కదని మా అబ్బాయి బాధపడ్డాడు; నేను సంతోషించాను, ఎందుకంటే పని వేళల్లో వాడు యూట్యూబ్ చూడటం దానితో ఆగింది.

కొత్త కంప్యూటర్లు అమ్ముకోవడానికే ఈ గడువులన్నీ అని నా అభిప్రాయం. ఈ గడువు వల్ల 24 కోట్ల కంప్యూటర్లు చెత్తకుప్పకు చేరవచ్చని కెనాలిస్ అనే పరిశోధన సంస్థ 2023లోనే అంచనా వేసింది. అవన్నీ పాడైపోయాయా? పాడైపోయాయని కాగితం మీద రాశారు, అంతే. మంచి నాగలిని పట్టుకొని దీనికి కర్రు గడువు అయిపోయింది అంటే రైతు ఊరుకుంటాడా?

జవాబు 3: వీణల ఊరు (బొబ్బిలి)

లినక్స్ వాడేవాణ్ణి కాబట్టి ముందుగా నా మీద నేనే ఒక జోకు వేసుకుంటాను: మా వాళ్ల ఇంటికి భోజనానికి వెళితే విస్తరి వేసేలోపే టెర్మినల్ తెరిచి చూపిస్తారు. "ఈ ఏడాది ప్రతి బల్ల మీదా లినక్సే" అన్న మాట నేను చదువుకునే రోజుల నుంచి వింటున్నాను. బల్ల మీదకు అది రాలేదు కానీ, ఆ మాటకు నవ్వేవారి చొక్కా జేబులోకి మాత్రం వచ్చి కూర్చుంది. ఆండ్రాయిడ్ ఫోను నడిచేది లినక్స్ కెర్నెల్ (లోపలి మూలభాగం) మీదనే.

అయినా మాస్టారి అనుమానం న్యాయమైనదే. పేజ్‌మేకర్ 7 వచ్చింది 2001లో. దాని తరువాత ఇంకో పేజ్‌మేకర్ రానే లేదు. అను ఫాంట్లు విండోస్ కోసం తయారైనవి, అన్ని యంత్రాలకూ ఒకే అక్షర పద్ధతి అయిన యూనికోడ్‌వి కావు. ఆ పద్ధతిలో తెలుగు అక్షరాలు ఇంగ్లీషు అక్షరాల స్థానాల్లో కూర్చుంటాయి కాబట్టి, ఆ ఫాంటు లేని యంత్రంలో ఫైలు తెరిస్తే వధూవరుల పేర్ల చోట ఇంగ్లీషు అక్షరాలూ గుర్తులూ కలగలిసిన గజిబిజి కనిపిస్తుంది. తెలుగుకు యూనికోడ్‌లో సొంత స్థానాలు 1991లోనే వచ్చినా, అచ్చు పనిలో ఒత్తులు ముద్దుగా కూర్చోవాలన్న పట్టుదల వల్ల, పాత ఫైళ్లు వేలల్లో పేరుకుపోవడం వల్ల, మన డీటీపీ దుకాణాలు పాత దారిలోనే ఉండిపోయాయి. నా దృష్టిలో అసలు ముడి ఇదే. విండోస్ గడువు వార్త దాన్ని బయటపెట్టింది, అంతే. మీ 18 ఏళ్ల పని ఒక కంపెనీ వదిలేసిన సాఫ్ట్‌వేర్‌లో, ఇంకో కంపెనీ ఫాంట్లలో, మూడో కంపెనీ గడువు తేదీ కింద ఉంది.

కాబట్టి ఐ3ని కదపవద్దు. 2013 నాటి యంత్రంలో మాత్రం లినక్స్ మింట్ ప్రయత్నించండి. దానికి 4 జీబీ ర్యామ్ ఉంటే హాయిగా నడుస్తుంది. ఇన్‌స్టాల్ చేయనక్కరలేదు, పెన్ డ్రైవ్ నుంచే నడిపి మీ ప్రింటరు పలుకుతుందో లేదో చూసుకోవచ్చు. వేలిముద్ర యంత్రం, డిజిటల్ సంతకం టోకెన్ లాంటివి దానికి తగిలిస్తుంటే వాటి డ్రైవర్ల సంగతి ముందే తేల్చుకోండి. అవి పనిచేయకపోతే నన్ను తిట్టుకుంటారు, బొబ్బిలి దాకా వినిపిస్తుంది. కొత్తగా వచ్చే కంపోజింగ్‌ను యూనికోడ్‌లో మొదలుపెట్టడం మీ ఇష్టం, కానీ ప్రశ్నపత్రాల వంటి సాదా పనికి అది ఇప్పటికే సరిపోతుంది.

జవాబు 4: నాగావళి ఒడ్డు (శ్రీకాకుళం)

గుమస్తా గారి జిల్లా జోకును మా ల్యాబులో చదివి వినిపించాను; నవ్వని వారు లేరు. ఇనుప కర్రు పోలిక దగ్గర మాత్రం ఆయనతో విభేదిస్తాను. కర్రు అరిగితే కంటికి కనిపిస్తుంది, దాన్ని అరగదీయడానికి సముద్రం అవతల ఎవడూ కూర్చొని ఉండడు. 2017 మే 12న ఫైళ్లకు తాళం వేసి డబ్బు అడిగే వాన్నాక్రై పురుగు వ్యాపించినప్పుడు ఆంధ్రప్రదేశ్ పోలీసు శాఖలోని కొన్ని కంప్యూటర్లు కూడా దాని బారిన పడ్డాయి. ఆ లోపానికి సవరణ రెండు నెలల ముందే, మార్చిలోనే విడుదలైంది. గడువు 2014లోనే తీరిపోయిన విండోస్ ఎక్స్‌పీకి కూడా దాడి మొదలయ్యాక మైక్రోసాఫ్ట్ ప్రత్యేకంగా సవరణ ఇవ్వవలసి వచ్చింది. గడువులు అమ్మకాల కోసం కూడా అన్న మాట కాదనను. అమ్మకాల కోసమే అన్న దగ్గర ఆగుతాను.

మిల్లు యంత్రం తీగ లేకుండా క్షేమంగానే ఉందనుకుందాం. డీటీపీ దుకాణానికి ఆ అదృష్టం లేదు, ఎందుకంటే రోజుకు పదిమంది పది పెన్ డ్రైవ్‌లు తెచ్చి గుచ్చుతారు. ఫోల్డర్లన్నీ షార్ట్‌కట్లుగా మారిపోయే వైరస్‌ను చూడని జిరాక్స్ దుకాణం మన రెండు జిల్లాల్లో ఉంటుందా? మాస్టారూ, వచ్చిన ప్రతి పెన్ డ్రైవ్‌నూ ముందు రెండో యంత్రంలోనే పెట్టండి. ఐ3కి తీగ తీసేస్తే సవరణలు రావు, ఉంచితే ప్రమాదం; అందుకే ఈ ఏడాదికి పొడిగింపు పథకంలో చేర్చి, అప్‌డేట్ల కోసం మాత్రమే దాన్ని ఇంటర్నెట్టుకు కలపండి. పాత ఫైళ్లన్నింటినీ ఒక హార్డ్ డిస్క్‌లోకి ఎక్కించి, ఆ డిస్క్‌ను బీరువాలో పెట్టండి.

గంటస్తంభం డీటీపీ (విజయనగరం)

అందరికీ కృతజ్ఞతలు. నిన్న ఆదివారం దుకాణం మూసి ఈ పనులన్నీ చేశాను. ఐ3 పొడిగింపులో చేరింది. ఖాతా పాస్‌వర్డ్ గుర్తు తెచ్చుకోవడానికే గంట పట్టింది. రెండోదానిలో మింట్‌ను పెన్ డ్రైవ్ నుంచి నడిపాను. లేజర్ ప్రింటరు వెంటనే పలికింది, స్కానరు మాత్రం మౌనవ్రతంలో ఉంది, కాబట్టి దానికి కొంత గడువు ఇచ్చాను. రాబోయే అర్ధసంవత్సర పరీక్షల ప్రశ్నపత్రాలను యూనికోడ్‌లో కొట్టి చూస్తాను; శుభలేఖల జోలికి ఇప్పుడే వెళ్లను.

టీ కొట్టు వారి కోసం ఒక పెద్దకర్మ కార్డు కూడా నిజంగానే కంపోజ్ చేసి, మానిటరు మీద అంటించాను. తేదీ 2026 అక్టోబరు 13, అది కూడా మంగళవారమే. కార్డు కొట్టాక క్యాలెండరు చూస్తే వచ్చే ఏడాది అధిక మాసం వచ్చింది, దసరా ఆ తేదీ తరువాత పడుతుంది. అంటే సిరిమాను కరపత్రాలు ముమ్మరంగా ఉండే వారంలోనే గడువు తీరుతుంది. అధిక మాసం సంగతి మైక్రోసాఫ్ట్‌కు ఎవరైనా రాయగలిగితే బాగుండును.