అమెరికాలో పిల్లల నర్స్ ప్రాక్టీషనర్: మన ఎమ్మెస్సీ పనికొస్తుందా?

హెచ్4_సిస్టర్: ఇండియాలో ఎమ్మెస్సీ చైల్డ్ హెల్త్ నర్సింగ్ చేసినవాళ్లు టెక్సాస్‌లో నేరుగా సీపీఎన్‌పీ (పిల్లల జబ్బు తేల్చి మందు రాసే నర్స్ ప్రాక్టీషనర్, అంటే పీఎన్‌పీ, సర్టిఫికెట్) పరీక్ష రాయొచ్చా? ఏజెంట్లు తలో మాట చెప్తున్నారు.

డాలస్_పీడ్స్: కుదరదు సిస్టర్. పరీక్ష పెట్టే పీఎన్‌సీబీ ముఖ్యంగా చూసేవి రెండు: అమెరికా ఆర్‌ఎన్ (రిజిస్టర్డ్ నర్స్) లైసెన్సు, గుర్తింపు పొందిన పీఎన్‌పీ ప్రోగ్రాంలో పీజీ. గుర్తింపు అంటే నర్సింగ్ కోర్సుల్ని పరిశీలించే సంస్థలు సీసీఎన్‌ఈ గానీ ఏసీఈఎన్ గానీ ఇచ్చింది. మన ఎమ్మెస్సీ ఎక్కువగా టీచింగ్ వైపు నడుస్తుంది. జబ్బు తేల్చి మందు రాసే క్లినికల్ గంటలు అందులో ఉండవు. ప్యాథోఫిజియాలజీ, ఫార్మకాలజీ, హెల్త్ అసెస్‌మెంట్, ఈ మూడూ అడ్వాన్స్‌డ్ స్థాయిలో విడివిడి కోర్సులుగా ట్రాన్‌స్క్రిప్ట్‌లో కనపడాలి. ముందు ఆర్‌ఎన్ లైసెన్సు పరీక్ష ఎన్‌క్లెక్స్ కానివ్వండి. 85 నుంచి 150 ప్రశ్నలు, 5 గంటలు. ఇండియాలో ఉన్నవాళ్లు హైదరాబాద్‌లోనే రాసుకోవచ్చు.

ఎన్‌ఐసీయూ_నైట్స్: చేరకముందే తేల్చుకోవాల్సింది పీసీనా (ప్రైమరీ కేర్), ఏసీనా (అక్యూట్ కేర్) అన్నది. పీసీ అంటే క్లినిక్కు: టీకాలు, ఎదుగుదల, చెవిపోటు, ఆస్తమా. ఏసీ అంటే వార్డు, ఐసీయూ, ఎమర్జెన్సీ. పీసీ చేసి పీఐసీయూలో (పిల్లల ఐసీయూ) ఉద్యోగం చూసుకుందాంలే అనుకుంటే తర్వాత మళ్లీ సర్టిఫికెట్ కోర్సులో చేరాల్సి వస్తుంది. ఎఫ్‌ఎన్‌పీ (ఫ్యామిలీ నర్స్ ప్రాక్టీషనర్) చేసినా క్లినిక్‌లో పిల్లల్ని చూడొచ్చు, కానీ పిల్లల ఆసుపత్రులు చాలావరకు పీఎన్‌పీనే అడుగుతాయి.

క్లినికల్_గంటలు: అందరూ దెబ్బతినేది ప్రిసెప్టర్ (క్లినికల్స్‌లో పక్కనుండి నేర్పేవాళ్లు) దగ్గరే. నర్స్ ప్రాక్టీషనర్ చదువుకి 2022 జాతీయ ప్రమాణాలు 750 గంటలు నేరుగా రోగులతో అంటున్నాయి. చాలా ఆన్‌లైన్ కాలేజీలు ప్రిసెప్టర్‌ని మిమ్మల్నే వెతుక్కోమంటాయి. డాక్టర్ సరే అన్నంత మాత్రాన పని అయిపోదు. కాలేజీకీ క్లినిక్‌కీ ఒప్పందం కుదరడానికే నెలలు పడుతుంది. సెమిస్టర్‌కి ఆరు నెలల ముందే మొదలుపెట్టండి. మీరుండే రాష్ట్రంలో క్లినికల్స్‌కి కాలేజీకి అనుమతి ఉందో లేదో ఫీజు కట్టకముందే మెయిల్లో రాయించుకోండి. ఫోన్లో చెప్పింది లెక్కలోకి రాదు.

హెచ్4_సిస్టర్: వీసా సంగతి?

డాలస్_పీడ్స్: హెచ్4 (హెచ్1బీ ఉద్యోగి భార్య/భర్త, పిల్లల వీసా) మీద చదువుకోవచ్చు. జీతమొచ్చే ఉద్యోగానికి మాత్రం ఈఏడీ (పని అనుమతి కార్డు) కావాలి. ఎఫ్1 (స్టూడెంట్ వీసా) వాళ్లకు పూర్తి ఆన్‌లైన్ ప్రోగ్రాం కుదరదు, టర్ముకి ఒక్క ఆన్‌లైన్ కోర్సే లెక్కలోకి వస్తుంది.

మోతాదు_లెక్క: సీపీఎన్‌పీ పరీక్షలో 175 ప్రశ్నలు, 3 గంటలు. మార్కులు 150కే, మిగతా 25 ఏవో మనకు తెలియవు. డోసు లెక్కలో తప్పు ఎక్కడ పడుతుందో చూడండి. చెవి ఇన్ఫెక్షన్‌కి అమాక్సిసిలిన్ రోజుకి కిలోకి 90 మిల్లీగ్రాములు అనుకుందాం. బిడ్డ బరువు 26.4 పౌండ్లు, అంటే 12 కిలోలు. రోజుకి 1080 మిల్లీగ్రాములు, రెండు పూటలకి పంచితే పూటకి 540. సిరప్ 5 ఎంఎల్‌కి 400 మిల్లీగ్రాములైతే పూటకి 6.75 ఎంఎల్. పౌండ్లనే కిలోలనుకుంటే డోసు రెండింతలు దాటుతుంది. ఇంకోటి, ఏ వయసుకి ఏం చేయాలో చెప్పే ఎదుగుదల పట్టికలకు పాత పుస్తకాలు పట్టుకోకండి. 2022లో సీడీసీ (అమెరికా ప్రజారోగ్య సంస్థ) మార్చింది: పాకడం తీసేసింది, సుమారు 50 మాటలు అనేది 30 నెలల దగ్గర పెట్టింది.

ఎన్‌ఐసీయూ_నైట్స్: పాసైన వెంటనే మందు రాయడం మొదలుపెట్టలేరు. టెక్సాస్‌లో ఏపీఆర్‌ఎన్ (అడ్వాన్స్‌డ్ ప్రాక్టీస్ నర్సు) లైసెన్సు, ఆపైన డాక్టరుతో ప్రిస్క్రిప్షన్ ఒప్పందం ఉండాలి. నియంత్రిత మందులకు డీఈఏ (కేంద్ర డ్రగ్స్ సంస్థ) రిజిస్ట్రేషన్ వేరు, దానికి 8 గంటల శిక్షణ. ఇక సీపీఎన్‌పీ రెన్యువల్ ఏటా నవంబర్ 1 నుంచి జనవరి 31 లోపు.