‘గర్భాశయ బాహ్య గర్భం’ అంటే ఎవరికి అర్థమవుతుంది?

ప్రశ్న: పర్లాకిమిడి చుట్టుపక్కల తెలుగువాళ్ల కోసం ఒక ఆరోగ్య కరపత్రాన్ని ఒడియా నుంచి తెలుగు చేస్తున్నాం. ఎక్టోపిక్ ప్రెగ్నెన్సీకి ‘గర్భాశయ బాహ్య గర్భం’ అని పెట్టాం. సరిపోతుందా?

జవాబు: తప్పు కాదండి, కానీ ఇళ్లలో ఎవరూ అలా అనరు. ‘ట్యూబులో గర్భం’ అని రాయండి. ఫ్యామిలీ ప్లానింగ్ ఆపరేషన్ వల్ల ట్యూబు మన ఆడవాళ్లకు తెలిసిన మాటే. గర్భసంచి బయట ఎక్కడ నిలిచినా ఎక్టోపిక్కే గానీ, నూటికి 90కి పైగా ట్యూబులోనే నిలుస్తాయి.

నా బెంగంతా మీ ఇన్ఫెక్షన్ పేరా మీద. ‘తెల్లబట్ట, జ్వరం, పొత్తికడుపు నొప్పి ఉంటే ఇన్ఫెక్షన్’ అని రాసి వదిలేశారు. క్లమీడియా, గనేరియా లాంటి సెక్స్ ద్వారా సోకే ఇన్ఫెక్షన్లు ట్యూబు లోపలి పొరను పాడుచేస్తాయి. పిండాన్ని గర్భసంచి వైపు నెట్టే సన్నటి నూగు దెబ్బతిని, దారి ఇరుకై, అది మధ్యలోనే ఆగిపోతుంది. ఇన్ఫెక్షన్ ఎప్పుడో తగ్గిపోయినా ఆ మచ్చ ఉండిపోతుంది. అరుదుగా ఇన్ఫెక్షన్, ట్యూబులో గర్భం రెండూ ఒకేసారి ఉంటాయి. అప్పుడు జ్వరానికీ తెల్లబట్టకీ మాత్రలిచ్చి పంపేస్తే ట్యూబు పగిలి ప్రాణం మీదికొస్తుంది. పైగా ఆసుపత్రిలో ఒడియాలో వివరంగా చెప్పలేక ‘కడుపునొప్పి’ అని ఒక్క ముక్కతో సరిపెట్టేవాళ్లున్నారు. అందుకే పిల్లలు పుట్టే వయసులో ఎవరికి పొత్తికడుపు నొప్పి వచ్చినా ముందు గర్భం ఉందేమో తెలిసే మూత్రపరీక్ష చేయించమని రాయండి. ఆ పరీక్ష చేసే నిశ్చయ్ కిట్లు ఆశా కార్యకర్తలకు ఇస్తారు కదా.

‘నెల తప్పితే’ అన్న మాటా చాలదు. ట్యూబులో గర్భం ఉన్నా కొంచెం రక్తం కనబడొచ్చు, దాన్నే ముట్టు అనుకుంటారు. ‘ఈసారి ఎప్పటిలాగే అయిందా, చుక్కలుగా కనబడిందా?’ అని అడిగేలా రాయండి.

ప్రశ్న: మా అత్తగారు ‘కడుపు నిలవలేదు’ అంటారు మేడం. అది పెట్టొచ్చా?

జవాబు: వద్దమ్మా. అది వింటే అబార్షన్ అయిపోయింది, ఇక భయం లేదనుకుంటారు. ఇక్కడ గర్భం ఇంకా లోపలే ఉంది. త్వరగా తెలిస్తే కొందరికి గర్భం పెరగకుండా ఆపే మెథోట్రెక్సేట్ ఇంజెక్షన్‌తో సరిపోతుంది, పగిలితే వెంటనే ఆపరేషనే. పొట్టలో చేరిన రక్తం ఊపిరితిత్తుల కింద ఉండే కండర పొరకు (డయాఫ్రమ్‌కు) తగిలి భుజం కొసన నొప్పి వస్తుంది. భుజం నొప్పికీ గర్భానికీ సంబంధం ఉంటుందని ఎవరికి తడుతుంది? ఆ ముక్కనూ, కళ్లు తిరగడాన్నీ, 108 నంబరునూ అన్నిటికంటే పెద్ద అక్షరాల్లో వేయండి.