మొరాకో యాత్రికుడు ఇబ్న్ బతూతాకి దారిఖర్చులు ఎవరిచ్చారు?

నడకపిచ్చి:
1325లో టాంజియర్ నుంచి హజ్‌కని ఒంటరిగా బయల్దేరాడు, అప్పటికి 21 ఏళ్లు. మళ్లీ సొంతూరు మొహం చూసింది 1349లో. నేను పది రోజులు కాశీ వెళ్లొచ్చి ఆర్నెల్లు క్రెడిట్ కార్డు కట్టా. ఈయనకి డబ్బెక్కడిదండీ?

పాతకాగితం:
చదువు. మాలికీ ధర్మశాస్త్రం (ఇస్లాం న్యాయశాస్త్రంలో ఒక శాఖ) వచ్చినవాడికి ఎక్కడైనా కొలువు దొరికేది. దారిలో సూఫీ మఠాల్లో తిండీ పడకా ఉచితం. ఢిల్లీలో మహమ్మద్ బిన్ తుగ్లక్ (యువరాజుగా 1323లో మన ఓరుగల్లును పట్టుకున్నవాడే) ఖాజీ (న్యాయమూర్తి) పదవిచ్చి ఏడాదికి 12,000 దీనార్లు కట్టాడు. అక్కడి భాష రాదంటే ఇద్దరు సహాయకుల్నీ పెట్టాడు! ఇప్పుడెవరిస్తారు అలాంటి ఉద్యోగం?

నడకపిచ్చి:
అయితే బాగానే వెనకేసి ఉంటాడు.

పాతకాగితం:
ఎక్కడ! సుల్తానుకి కానుకిస్తే అంతకు ఎన్నోరెట్లు తిరిగొచ్చేది. అందుకని వ్యాపారులు కొత్తగా వచ్చినవాళ్లకి కానుకలకు అప్పిచ్చేవారు. ఈయన అప్పు 55,000 దీనార్లకి చేరింది. చివరికి సుల్తానే తీర్చాడు.

ఉప్పుగాలి:
కాలికట్ సంగతి వదిలేశారే. చైనాకి రాయబారిగా వెళ్తూ, శుక్రవారం నమాజుకని ఒడ్డున ఆగిపోయాడు. రాత్రి తుఫానుకి కానుకలున్న ఓడ ముక్కలైంది. సామానున్న ఇంకో ఓడ ఈయన్ని వదిలేసి పోయింది. మిగిలింది పది దీనార్లు, పడుకున్న తివాచీ.

నడకపిచ్చి:
పదా?! మరి ఢిల్లీకి ఏ మొహం పెట్టుకుని వెళ్లాడు?

ఉప్పుగాలి:
వెళ్లలేదు, సుల్తానంటే భయం. కొన్నాళ్లకి మాల్దీవులు చేరాడు. అక్కడా ఖాజీ పదవే, పైగా పెళ్లిళ్లు!