విడిగా వ్యాయామం కుదరనివారికి రోజువారీ కదలికలు సరిపోతాయా?

ప్రశ్న

అందరికీ నమస్కారం. నా వయసు 46. పొద్దున తొమ్మిదింటికి కంప్యూటరు ముందు కూర్చుంటే, మధ్యాహ్న భోజనానికి తప్ప సాయంత్రం ఆరింటిదాకా కుర్చీలోంచి లేచేది ఉండదు. ఇంటికి చేరేసరికి నడుము పట్టేసి ఉంటుంది, సాక్సు విప్పితే చీలమండల చుట్టూ దాని అచ్చు లోతుగా పడి ఉంటుంది. అంతకన్నా బాధ కలిగించేది, ఇంట్లో ఎవరు ప్రేమగా పలకరించినా విసుక్కుంటున్నాను. గంటసేపు నడక ఎన్నోసార్లు మొదలుపెట్టి, నెల తిరక్కుండానే మానేశాను. ఉన్న పనుల్లోనే కదలికను ఇముడ్చుకుంటే నిజంగా ఫలితం ఉంటుందా, లేక అది మనసును సముదాయించుకోవడమేనా? దయచేసి చెప్పగలరు.

సమాధానం 1

తప్పకుండా ఉంటుందండీ. లండన్ రెండంతస్తుల బస్సుల్లో రోజంతా కూర్చుని ఉండే డ్రైవర్లకన్నా, టికెట్లిస్తూ మెట్లెక్కి దిగే కండక్టర్లలో గుండెజబ్బు తక్కువగా కనిపించిందని బ్రిటన్ వైద్య పరిశోధకుడు జెర్రీ మోరిస్ బృందం 1953లోనే ప్రచురించింది. ఆ కండక్టర్లు మెట్లెక్కింది ఉద్యోగం కోసమే. పెద్దలు వారానికి 150 నుంచి 300 నిమిషాలు మధ్యస్థాయి శ్రమ చేయాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. ఒక్కో విడత కనీసం పది నిమిషాలైనా సాగాలన్న పాత షరతును 2020 నాటి సూచనల్లో తీసివేసింది కాబట్టి, మూడు నిమిషాలు మెట్లెక్కినా అది లెక్కలోకే వస్తుంది.

మీ సాక్సు అచ్చు సంగతికి వస్తే, కాళ్లలోని రక్తాన్ని పైకి నెట్టడంలో పిక్క కండరాలదే పెద్ద పాత్ర. గంటల తరబడి కదలకపోతే అవి బిగుసుకుని వదలడం ఆగిపోయి, నీరు కిందికి దిగుతుంది. అరగంటకొకసారి లేచి, బల్ల పట్టుకుని మునివేళ్లపై ఇరవైసార్లు లేచి దిగండి. అయితే వాపు ఒక్క కాలికే ఉన్నా, తెల్లారేసరికి తగ్గకపోయినా వైద్యుణ్ణి కలవడం ఆలస్యం చేయవద్దు.

సమాధానం 2

మీరు రాసిన విసుగు నాకు బాగా తెలుసు. భోజనం కాగానే ఫోను బల్లమీదే వదిలి పది నిమిషాలు నడవడం మొదలుపెట్టాక, నాలో మొదట మారింది అదే. తిన్న వెంటనే నడిస్తే పనిచేసే కండరాలు రక్తంలోని చక్కెరను వాడుకుంటాయి గనుక మధ్యాహ్నపు మగత తగ్గిందనుకుంటాను. కానీ నాకు దక్కిన అసలు మేలు వేరే ఉంది. పొద్దున జరిగిన మాటనే పట్టుకుని కూర్చున్న మనసు, నాలుగు అడుగులు పడేసరికి దాన్ని వదిలేస్తుంది. సాయంత్రం కూడా గుమ్మం దగ్గరే ఆగకుండా వీధి చివరిదాకా వెళ్లి వచ్చి, అప్పుడు లోపల అడుగు పెడతాను. విసుగు వారాల తరబడి వదలకుండా, నిద్ర కూడా పోతుంటే మాత్రం నడకతో సరిపెట్టుకోకండి, వైద్యసలహా తీసుకోండి.

సమాధానం 3

పై ఇద్దరితో ఏకీభవిస్తూనే ఒక మాట. నెమ్మదిగా అటూ ఇటూ తిరగడం కూర్చోవడంకన్నా మేలే గాని, దానితోనే అంతా అయిపోయిందనుకోవద్దు. మాట్లాడగలిగి, పాట మాత్రం పాడలేనంత వేగం ఉంటేనే అది మధ్యస్థాయి శ్రమ. పదివేల అడుగుల లెక్క పట్టుకుని బెంగపడకండి. ఆ అంకె 1965లో జపానులో అమ్మకానికి వచ్చిన అడుగుల మీటరు పేరుతో ప్రచారంలోకి వచ్చింది. అందరూ మరిచేది కండబలం. వారానికి రెండు రోజులైనా దానికి పని చెప్పాలి. చేతులు ఛాతీపై కట్టుకుని కుర్చీలోంచి పదిసార్లు లేచి కూర్చోవడంతో మొదలుపెట్టవచ్చు. దిగేటప్పుడు ధబ్బున కూలబడకుండా నిదానంగా దిగాలి. మోకాళ్ల నొప్పి ఉంటే ఎత్తైన కుర్చీ ఎంచుకోండి.

ప్రశ్న అడిగినవారు

ముగ్గురికీ హృదయపూర్వక ధన్యవాదాలు. వాపు రెండు కాళ్లకూ సమానంగానే ఉంది, పొద్దున్నకు తగ్గిపోతోంది. ఈరోజు వచ్చిన ఫోన్లన్నీ నిలబడే మాట్లాడాను. కుర్చీలోంచి లేవడం ఆరోసారికే తొడలు వణికాయి కాబట్టి, ఈ వారం ఐదుతో మొదలుపెడుతున్నాను.