సూపర్ 8 ఫిల్ముకు అతుకులు: సిమెంటా, టేపా?

ప్రశ్న

మా పెదనాన్నగారు 1970ల్లో అమెరికాలో ఉన్నప్పుడు తీసిన 50 అడుగుల ఇంటి సినిమా రీళ్ళు (8 మి.మీ. ఫిల్ము) ఎనిమిది ఉన్నాయి. అన్నీ కలిపి ఒకే 400 అడుగుల రీలుకి ఎక్కించి, మసకగా వచ్చిన ముక్కలు తీసేద్దామనుకుంటున్నాను. పాత అతుకులు కొన్ని ముట్టుకోగానే ఊడిపోతున్నాయి. రెండు చోట్ల మామూలు సెల్లో టేపు వేసి ఉంది, పచ్చబడి జిగురు కారుతోంది. ఏ స్ప్లైసర్ (ఫిల్ము ముక్కల్ని కోసి అతికే పనిముట్టు) కొనాలి? ఫెవిక్విక్‌తో పని జరుగుతుందా?

జవాబు 1

ఫెవిక్విక్ జోలికి పోకండి. అది ఆరాక వంగదు. ప్రొజెక్టర్లో మొదటి వంపు దగ్గరే పుటుక్కుమంటుంది, పైగా దాని ఆవిరి పక్క ఫ్రేముల మీద తెల్లటి పొర కట్టిస్తుంది.

స్ప్లైసర్ కొనే ముందు గేజి, అంటే ఫిల్ము ఏ రకమో చూసుకోండి. రెగ్యులర్ 8 (1932లో వచ్చిన రకం), సూపర్ 8 (1965లో వచ్చినది) రెండూ 8 మి.మీ. వెడల్పే. చిల్లు పెద్దదై, రెండు ఫ్రేముల మధ్య గీతకు ఎదురుగా ఉంటే రెగ్యులర్. చిన్నదై, ఫ్రేము నడుముకు ఎదురుగా ఉంటే సూపర్. స్ప్లైసర్ పిన్నులు ఒకదానివి ఇంకోదానికి సరిపోవు. రెండు రకాల్నీ ఒకే రీల్లో కలిపితే ప్రొజెక్టర్ చిల్లులు చింపేస్తుంది. ఊళ్ళో పాత టాకీసు ఆపరేటరు దగ్గర స్ప్లైసర్ దొరికిందని సంబరపడకండి, అది 35 మి.మీ.ది.

తర్వాత బేస్, అంటే బొమ్మ పొరను మోసే ప్లాస్టిక్ పట్టీ. కొడాక్ వారి కొడాక్రోమ్ ఫిల్ముది అసిటేట్. ఫూజీ వారి సింగిల్ 8ది పాలియెస్టర్. సింగిల్ 8 కూడా సూపర్ 8 ప్రొజెక్టర్లోనే ఆడుతుంది కాబట్టి పెట్టె మీద పేరు లేకపోతే పొరబడతారు. చుట్టను లైటుకు అడ్డంగా పట్టి పక్కనుంచి చూడండి: పాలియెస్టర్ అయితే వెలుగు దూసుకొస్తుంది, అసిటేట్ నల్లగానే ఉంటుంది. ఇంకా అనుమానముంటే చివర ఉన్న ఖాళీ లీడర్ (బొమ్మలేని పట్టీ) అంగుళం చించి చూడండి. అసిటేట్ చిరుగుతుంది, పాలియెస్టర్ చిరగనంటుంది. సిమెంట్ పట్టేది అసిటేట్‌కి మాత్రమే. అది జిగురు కాదు, బేస్‌ని కరిగించి రెండు ముక్కల్నీ ఒకటి చేసే ద్రావకం. పాలియెస్టర్ దానికి కరగదు, అక్కడ టేపే దిక్కు.

డబ్బా తెరవగానే వెనిగర్ వాసన వస్తే ఆ రీలును మిగతావాటికి దూరంగా పెట్టి, ముందు దాన్నే స్కానింగ్‌కి (కంప్యూటర్లోకి ఎక్కించడానికి) పంపండి. అసిటేట్ కుళ్ళడం మొదలైందన్నమాట. ఒకసారి మొదలైతే ఆగదు, ఫిల్ము కుంచించుకుపోతుంది. విశాఖ, కాకినాడ లాంటి ఉప్పుగాలి ఊళ్ళలో అటక మీద పెట్టినవాటికి ఈ బెడద ఎక్కువ.

జవాబు 2

పైన చెప్పినవి బాగున్నాయి గానీ, అసలు మసక ముక్కలు కోయడం ఎందుకండీ? ఇది రివర్సల్ ఫిల్ము. కెమెరాలో తిరిగిందే తెరమీదికి వస్తుంది, వేరే నెగటివ్ లేదు. ఎడిటింగ్ కంప్యూటర్లో చేసుకోండి. ఫిల్ము మీద విరిగిన అతుకులు బాగుచేసి, రీళ్ళు కలపడం వరకే చాలు. తప్పక కోయాల్సొస్తే కోసిన ముక్కను పారేయకుండా, ఎక్కడిదో రాసి దాచండి.

కొలత ఇలా గుర్తుపెట్టుకోండి: సూపర్ 8లో అడుగుకి 72 ఫ్రేములు, అంటే అంగుళానికి 6. సెకనుకు 18 ఫ్రేముల లెక్కన మూడంగుళాలు ఒక సెకను. రెగ్యులర్ 8లో అడుగుకి 80. సూపర్ అయితే మీ 400 అడుగులూ కలిపి 26 నిమిషాల 40 సెకన్లు.

స్కానింగ్‌కి పంపేవాటికి నా ఓటు టేపుకే. కావాలంటే విప్పుకోవచ్చు, ఒక్క ఫ్రేమూ పోదు. సిమెంట్ అతుకుకి రెండు కొసలూ ఒకదాని మీద ఒకటి ఎక్కాలి కాబట్టి ఫ్రేము బలి. చిల్లులు ముందే పొడిచి వచ్చే చిన్న టేపు ముక్కలున్నాయి, లేదా చిల్లుల్లేని టేపు చుట్టతో నడిచే గిలెటిన్ స్ప్లైసర్ ఉంది. ఈ గిలెటిన్ ఇటలీ దర్శకుడు ఫెల్లినీ సినిమాల ఎడిటర్ లియో కటోట్సో కనిపెట్టింది. టేపు రెండు వైపులా వేయాలి. ఒకవైపే వేస్తే అతుకు మడత బందులా తెరుచుకుని ప్రొజెక్టర్ గేటులో (ఫిల్ము లైటు ముందు నుంచి పోయే సందులో) ఇరుక్కుంటుంది. వేశాక చెంచా వెనకవైపుతో మెల్లగా రుద్దండి, గాలి బుడగ మిగిలితే తెరమీద పొక్కులా కనిపిస్తుంది.

పాత సెల్లో టేపుని లాగి పీకొద్దు, ఎమల్షన్ (బొమ్మ ఉన్న పొర) ఊడొస్తుంది. 99 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాల్ దూదిపుల్లతో అంచుల్లో అద్ది, కాసేపు ఆగి, ఫిల్ముకి సమాంతరంగా వెనక్కి మడుస్తూ తీయండి. శానిటైజర్ వాడకండి, అందులో నీళ్ళుంటాయి, నీళ్ళకి ఎమల్షన్ మెత్తబడుతుంది.

ప్రశ్న అడిగినవారు

థాంక్సండీ. చూస్తే అన్నీ సూపర్ 8, అసిటేటే. ఇంట్లో పాత సిమెంట్ స్ప్లైసర్ దొరికింది, దానితో వచ్చిన సీసా కూడా ఉంది. లీడర్ ముక్కల మీద ప్రయత్నిస్తే మర్నాటికే ఊడిపోతున్నాయి. ఒకటి నిలిచింది గానీ అతుకు అంచు తెల్లగా పాలిపోయింది.

జవాబు 1

సీసా పాతదైతే ముందు దాన్నే అనుమానించండి. మంచి సిమెంట్ నీళ్ళలా జారాలి. చిక్కబడితే ద్రావకం ఎగిరిపోయినట్టే, పారేయండి. కొత్తది కొన్నాక చిన్న సీసాలోకి కొద్దికొద్దిగా వంపుకుని, పెద్ద సీసా మూత తీయకుండా ఉంచండి.

తర్వాత గీకడం. ఎమల్షన్ పూర్తిగా పోయి బేస్ కనిపించాలి. రంగు పోగానే ఆపేస్తారు చాలామంది, కింద ఇంకో పలుచని పొర ఉంటుంది, అదీ పోవాలి. గీకిన చోటు ఒక్క మచ్చా లేకుండా, గోరుకి కాస్త గరుకుగా తగలాలి. దాని మీదికొచ్చే రెండో ముక్క వెనకవైపు కూడా ఒకటి రెండుసార్లు గీకండి, వేలిజిడ్డు, మైనం ఉంటే పోతాయి. ఏది ఎమల్షన్ వైపో తెలియకపోతే చివరి లీడర్‌ని తడి పెదవికి తాకించండి, అంటుకున్నది ఎమల్షన్.

కుంచెతో ఒకే ఒక్క పూత, వెంటనే స్ప్లైసర్ మూత బిగించడం. రెండు సెకన్లు ఆలస్యమైనా పైపొర ఆరిపోతుంది. ముప్ఫై సెకన్లు నొక్కి ఉంచి, పక్కకి కారినది తుడిచేయండి. పాలిపోవడానికి కారణం గాలిలో తేమ. ద్రావకం వేగంగా ఎగురుతూ అక్కడ చల్లబరుస్తుంది, తేమ వాలుతుంది. ముసురు పట్టిన రోజు ఈ పని పెట్టుకోకండి. సీలింగ్ ఫ్యాను ఆపండి గానీ కిటికీ మాత్రం తెరిచే ఉంచండి, ఆ ఆవిరి పీల్చకూడనిది. ఆ రోజుకి అతుకుని ప్రొజెక్టర్లో పెట్టకండి.

జవాబు 3

ఒక్క మాట. చిల్లులకు అవతలి అంచున గోధుమరంగు చార కనిపిస్తోందా? అయితే అది సౌండు ఫిల్ము, ఆ చారను కప్పని టేపు కావాలి. చార మీద టేపు పడితే అక్కడ సౌండు మింగేస్తుంది. సూపర్ 8లో మాట బొమ్మకంటే 18 ఫ్రేములు ముందుంటుంది. అందువల్ల కోసిన చోట కొత్త బొమ్మ మొదలయ్యాక కూడా సెకనుపాటు పాత షాటు మాటలే వినిపిస్తాయి, కొత్త షాటు మొదటి సెకను మాట కోసిన ముక్కతో పోతుంది. ఎవరూ మాట్లాడని చోట కోయడమే దారి.

ప్రశ్న అడిగినవారు

రెండు రీళ్ళకు చార ఉంది. వాటిని కోయను, కలపను, విడిగానే ఉంచుతాను. మిగతా ఆరు 300 అడుగులు, వాటికి టేపే తెప్పిస్తాను.

జవాబు 2

మంచిది. ఆరింటి మధ్యా అడుగు తెల్ల లీడర్ పెట్టి, దాని మీద ఎన్నో రీలో రాయండి. మొదట్లో, చివర్లో నాలుగేసి అడుగులు. స్కాన్ చేసేవాళ్ళకి అతుకులు ఎన్ని, ఎన్నో అడుగు దగ్గర ఉన్నాయో చీటీ రాసి డబ్బాలో పెట్టండి.