సమస్య: ‘జెండ పండుగ పట్టని జీవి ఘనుఁడు’

నిర్వాహకుడు: కవిమిత్రులకు నమస్కారం. పై పాదం తేటగీతి అనే ఛందస్సులోనిది. దీనిని చివరి పాదంగా నిలిపి, ముందు మూడు పాదాలు రాసి పద్యాన్ని పూరించాలి. ఆగస్టు 15న, జనవరి 26న చుట్టూ అందరూ ఉత్సాహంగా ఉన్నా తమ మనసు మాత్రం కదలని వారు మనలో చాలామంది ఉన్నారు. ఆ స్థితిని గురించి పద్యం చెప్పడానికి ఎందుకో వెనుకాడతాము. విరుపుతోనో (పదాన్ని వేరేచోట విడదీసి), శ్లేషతోనో (రెండర్థాలు వచ్చేలా చెప్పి) తప్పించుకొనే దారులు ఉన్నప్పటికీ, వీలైనంతవరకు ఆ నిర్లిప్తతనే ఎదుర్కొని పూరించవలసిందిగా కోరుతున్నాను.

ఒక సభ్యుడు: ఆర్యా, మనిషిని ‘జీవి’ అనడం కొంత చులకనగా వినిపిస్తున్నది. ‘జనుఁడె ఘనుఁడు’ అనవచ్చునా?

నిర్వాహకుడు: గణాలు, అంటే గురులఘువుల కూర్పులు, సరిపోతాయి గాని యతి చెల్లదు. యతి అంటే పాదం మొదటి అక్షరానికీ, పాదం నడుమ నియమిత స్థానంలోని అక్షరానికీ ఉండవలసిన పోలిక, అంటే మైత్రి. ‘జె’లోని ఎకారానికి ఇ, ఈ, ఏ, ఋ వంటి అచ్చులతోనే మైత్రి ఉన్నది; ‘జ’లోని అకారంతో లేదు. అందువల్ల ‘జీవి’నే ఉంచుదాము.

మొదటి పూరణ:

ఢిల్లి వెలుగుల మునుఁగఁగ డెందమందు
కలతతో నుపవాసియై కలహభూమి
వంగదేశాన రాట్నమున్ వడికె గాంధి
జెండ పండుగ పట్టని జీవి ఘనుఁడు

నిర్వాహకుడు: అమ్మా, ధార హాయిగా ఉన్నది. 1947 ఆగస్టు 15న రాజధానిలో సంబరాలు జరుగుతుండగా గాంధీజీ కలకత్తాలోని బెలియాఘాటాలో ఉండి, ఆ రోజును ఉపవాసంతో, ప్రార్థనతో, నూలు వడుకుతూ గడిపారన్న చరిత్రను మూడు పాదాలలో ఇమిడ్చారు. ‘కలహభూమి’ అన్న ఒక్క మాటతో ఆయన అక్కడ ఎందుకున్నారో కూడా తెలిసిపోతున్నది. అయితే ఒక సందేహం. ఆయనకు ఆ పండుగ పట్టకపోలేదు. దేశవిభజన దుఃఖం ఆయనను వేడుకకు దూరంగా నిలిపింది. బాధతో దూరమైన వానిని, ఏ బాధా లేకుండానే దూరంగా ఉన్న వానిని ‘పట్టని’ అన్న ఒకే మాట కిందికి తేవడం న్యాయమా అని ఆలోచించండి. పద్యంగా మాత్రం ఇది నిలుస్తుంది.

రెండవ పూరణ:

సెలవు దినమైన రోగుల సేవ మాని
వేడ్కఁ జూడఁగ వెళ్ళక విధుల మునిగి
ప్రాణముల నిల్పు వైద్యుండు భవ్యమూర్తి
జెండ పండుగ పట్టని జీవి ఘనుఁడు

నిర్వాహకుడు: గణయతులు నిర్దోషంగా ఉన్నాయి. ‘భవ్యమూర్తి’ పాదం నింపడానికి వచ్చిన మాట. వెంటనే ‘ఘనుఁడు’ ఉండగా పునరుక్తి కూడా అవుతున్నది. ‘పల్లెలోన’ అంటే యతి చెడదు, వైద్యుడికి ఒక చోటూ దొరుకుతుంది. ఇక భావానికి వస్తే, ఈయనకు లేనిది తీరికే గాని ఆసక్తి కాదు. నిర్లిప్తుడికి ఏదో ఒక సేవను అంటగట్టి క్షమించే పూరణలు ఈసారి చాలా వచ్చాయి. అవన్నీ మంచి మనసుతో రాసినవే అయినా, సమస్యలోని ముల్లును మెత్తపరచివేశాయి.

మూడవ పూరణ:

లేని పొంగును ముఖమున లేశమైన
పులుముకొనకుండ పగలెల్ల పుస్తకముల
నడుమఁ గడుపుచు నెవరిని నవ్వఁబోఁడు
జెండ పండుగ పట్టని జీవి ఘనుఁడు

ఒక సభ్యుడు: నిర్వాహకులు మన్నించాలి. 1930 జనవరి 26న సంపూర్ణ స్వరాజ్య ప్రతిజ్ఞ చేసినవారి ముందు జైలు ఉన్నది. ఆ తేదీ గుర్తుగానే 1950లో రాజ్యాంగం అమలులోకి వచ్చింది. అంతటి దినాన్ని పుస్తకాలు చదువుకుంటూ గడిపినవాడిని ఘనుడనడం నాకు మింగుడుపడడం లేదు.

నిర్వాహకుడు: మీ ఆవేదనను తేలికగా తీసుకోవడం లేదు. అయినా నా ఓటు ఈ పూరణకే. ఇందులోని మనిషి లేని భావాన్ని నటించడు, ఉన్నవారిని ఎగతాళి చేయడు. ఈ రెండూ ఒకేచోట కనబడడం అరుదు. జాతీయగీతం వచ్చినప్పుడు గౌరవంగా నిలబడి, తమ మతవిశ్వాసం కారణంగా గొంతు కలపని ముగ్గురు కేరళ విద్యార్థులను బడి నుండి పంపివేయగా, అది రాజ్యాంగవిరుద్ధమని 1986లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. వారిది విశ్వాసం, ఇతనిది నిరాసక్తి. రెండూ ఒకటి కావు. కాని మౌనంగా ఉన్నంత మాత్రాన అవమానించినట్లు కాదన్న మాట ఇతనికీ వర్తిస్తుందని నేను నమ్ముతున్నాను. ప్రతిజ్ఞ చేసినవారు కోరిన స్వేచ్ఛలో, ఆ రోజున ఉప్పొంగకుండా ఉండే స్వేచ్ఛ కూడా ఉన్నది.

పద్యంలో ఒక్క లోపం. ‘నవ్వఁబోఁడు’ అన్న సమాపక క్రియతో వాక్యం ముగిసిపోయి, చివరి పాదం విడిగా నిలిచింది. ‘నవ్వకుండు’ అంటే గణాలూ యతీ చెడవు, ఆ క్రియ విశేషణమై నేరుగా ‘జీవి’కి అన్వయిస్తుంది. కవిగారు అంగీకరిస్తే అలాగే మార్చి సంకలనంలో చేరుస్తాను.